ఆ అంకె ఎలా వచ్చింది?

ఏటా ఓసారి పన్ను శాఖ నుంచి కాగితం వస్తుంది. 'మీరు కట్టాల్సింది ఇంత' అని ఉంటుంది. గొణుక్కుంటూ కట్టేస్తాం. అసలు ఆ అంకె ఎలా తేలిందో చూపించమని ఎవరైనా అడుగుతారా?

ఫ్రాన్స్‌లో ఓ పరిశోధకుడు అడిగాడు. ఆదాయపు పన్ను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం తనకిమ్మన్నాడు. పన్ను శాఖ ఇవ్వలేదు. ప్రభుత్వ పత్రాలు జనానికి అందేలా చూసే కమిషన్ 2015 జనవరిలో అతని వైపే మాట్లాడింది. ప్రోగ్రాం కూడా ప్రభుత్వ పత్రమేనంది. అయినా కదలిక లేదు. కోర్టుకెళ్లాడు. 2016 మార్చిలో ప్యారిస్ పరిపాలనా న్యాయస్థానం ఇచ్చి తీరాలంది. ఏప్రిల్ 1న సర్కారు దాన్ని అందరి ముందూ పెట్టేసింది. ఫూల్స్ డే అనుకునేరు, నిజమే! ఆ రోజూ మర్నాడూ ప్రోగ్రామర్లను పిలిచి, విప్పి చూసుకోండంటూ ఓ చిన్నపాటి జాతర కూడా చేసింది.

తీరా తెరిచి చూస్తే... బయటివాళ్లకెవరికీ తెలియని భాష! పేరు 'ఎమ్'. 1990లో పన్ను శాఖే తన అవసరం కోసం తయారుచేసుకుంది. ఫారంలో జీతం రాసే గడికి 1ఏజే అని గుర్తు. ప్రోగ్రాంలోకి వెళ్లేసరికి దాని పేరు టీఎస్‌హెచ్‌ఏఎల్‌ఎల్‌ఓవీ. ఇలాంటివి వేలకు వేలు.

పైగా అక్కడి లెక్కే ఓ చిక్కుముడి. మన దగ్గర మొగుడి పన్ను మొగుడిది, పెళ్లాం పన్ను పెళ్లాంది. అక్కడ ఇంటి ఆదాయమంతా కలిపి వాటాలేస్తారు. భార్యకొకటి, భర్తకొకటి, మొదటి ఇద్దరు పిల్లలకు చెరో అర, మూడో బిడ్డకు ఏకంగా పూర్తి వాటా. వాటాలు పెరిగేకొద్దీ పన్ను తగ్గుతుంది. పిల్లల పుణ్యాన మరీ ఎక్కువ మిగిలిపోకుండా దానికో పరిమితి. అంటే పిల్లలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండూ చూడాలి. మిగతా రాయితీల్లో కొన్నిటికైతే మొత్తం లెక్కను మళ్లీ మొదట్నుంచీ వేయాలి. ఎమ్ భాషకు ఆ పని చేతకాదు. దాంతో ఉద్యోగులు 'సి' భాషలో అతుకులు వేస్తూ వచ్చారు. బడ్జెట్‌లో కొత్త నిబంధన వచ్చినప్పుడల్లా సర్దుబాట్లే. ముప్పై ఏళ్లకు అదో బొంతయింది. దాని లోగుట్టు తెలిసినవాళ్లేమో తగ్గిపోతున్నారు. దాదాపు 4 కోట్ల కుటుంబాల పన్ను ఆ బొంత మీదే ఆధారపడి ఉంది మరి!

అప్పుడు రంగంలోకి దిగారు డెనీ మెరిగూ, రఫయేల్ మొనా, జొనాథన్ ప్రొట్‌జెంకో అనే ముగ్గురు పరిశోధకులు. బయటపెట్టిన ప్రోగ్రాం ఒక్కటే వాళ్లకు సరిపోలేదు. ఎందుకంటే భద్రత పేరు చెప్పి శాఖ ఆ అతుకుల్నీ, ఎమ్ భాషను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌నూ తన దగ్గరే ఉంచేసుకుంది. వాళ్లు ఎమ్ వ్యాకరణాన్ని తిరగేసి బోర్లేసి పట్టుకున్నారు. కొత్త కంపైలర్ రాశారు. దాని పేరు ఎమ్‌ల్యాంగ్. రాసింది ఓకామెల్ అనే భాషలో. అదీ ఫ్రాన్స్‌లో పుట్టిందే, ఒంటె బొమ్మ దాని గుర్తు.

మరి లెక్క సరిగ్గా వస్తుందా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పడితే తెలుస్తుంది. పన్ను అలా కాదు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో సరిపోయినంత మాత్రాన ఒంటరి విశ్రాంత ఉద్యోగికి సరిపోతుందని లేదు. అందుకే శాఖ తన సొంత తనిఖీల కోసం దాచుకున్న లెక్కలన్నిటినీ కొత్త కంపైలర్‌తో వేయించి సరిచూశారు. చేత్తో వేసిన అతుకుల అవసరం పోయింది. ఎమ్‌ల్యాంగ్ ఓపెన్ సోర్స్. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే పట్టొచ్చు. 2021లో ముగ్గురూ పరిశోధనా పత్రం ప్రచురించేనాటికే శాఖ అధికారికంగా దానికి మారడం మొదలుపెట్టింది. ఇవ్వనని కోర్టుదాకా వెళ్లిన శాఖే ఇది!

ఎమ్ భాషను మాత్రం తీసేయలేదు. మార్చింది దాన్ని చదివే కంపైలర్‌నే. జీతం గడి పేరు టీఎస్‌హెచ్‌ఏఎల్‌ఎల్‌ఓవీగానే ఉంది.