తక్కువ ఉన్నవాడి పర్సే గ్రూప్ బడ్జెట్

సెమిస్టర్ ఎగ్జామ్స్ ఇలా అవుతాయో లేదో, వాట్సాప్‌లో అలా ఓ కొత్త గ్రూప్ పుట్టేస్తుంది. పేరు 'యూరో ట్రిప్'. పక్కన ఓ విమానం ఎమోజీ. మొదటి రోజే రెండొందల మెసేజ్‌లు. ఒకరు ప్రాగ్ అంటారు, ఒకరు పారిస్ అంటారు, ఇంకొకరు ఏదో రీల్ పంపి 'ఇక్కడికి వెళ్లాల్సిందే మామా' అంటారు. నాలుగో వ్యక్తి మాత్రం అన్నిటికీ ఒకటే రిప్లై ఇస్తాడు: 'నాకు ఓకే రా'.

ఈ వారం మన కబుర్లు ఆ నాలుగో వ్యక్తి గురించే.

జర్మనీ సంగతే తీసుకుందాం. మన తెలుగు పిల్లలు చాలామంది ఇప్పుడు అక్కడే చదువుతున్నారు కదా. స్టూడెంట్ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు చేతికొచ్చేది 992 యూరోలు. రూం రెంట్, ఇన్సూరెన్స్, సరుకులు పోను మిగిలేది ఎంతో అక్కడున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒకరికి పార్ట్ టైం జాబ్ ఉంటుంది. ఒకరికి ఇంటి నుంచి డబ్బులొస్తాయి. ఇంకొకరి చదువంతా ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ మీద నడుస్తుంటుంది. ఒకే వంటింట్లో, ఒకే కుక్కర్‌లో అన్నం తింటున్నారు కాబట్టి అందరి పర్సూ ఒకటే అనిపిస్తుంది. కానీ కాదు. ఆ తేడా మామూలు రోజుల్లో కనిపించదు. ట్రిప్‌లో మూడో రోజుకి బయటపడుతుంది. రెస్టారెంట్ ముందు మెనూ చూసి 'నాకు ఆకలిగా లేదు, మీరు తినండి' అనే మాటలో బయటపడుతుంది.

ముందు అంకె, తర్వాత మ్యాప్

అందుకే మొదటి రూల్ ఇది. ఊళ్ల పేర్లు అనుకునే ముందే డబ్బు అంకె తేల్చుకోండి. అందరి ముందు 'నీ దగ్గర ఎంతుంది?' అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. పేరు అడగని ఓ గూగుల్ ఫామ్ పెట్టండి. ఒకటే ప్రశ్న: 'ఈ ట్రిప్‌కి మొత్తం మీద నువ్వు ఖర్చు పెట్టగలిగింది ఎంత?'

నలుగురి జవాబులు 500, 400, 350, 250 వచ్చాయనుకోండి. మన బుర్ర వెంటనే సగటు తీస్తుంది. 375 దగ్గర ఫిక్స్ అవుదామంటుంది. అలా చేస్తే 250 అన్నవాడు మిగతా 125 ఎక్కడి నుంచి తేవాలి? యూరో వంద రూపాయల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో అది పన్నెండు వేల పైమాటే. కాబట్టి ప్రయాణం, పడక, కలిసి తినే తిండి, ఈ మూడూ 250 లోపే ప్లాన్ చేయండి. 500 ఉన్నవాళ్లు మిగిలింది తమకి నచ్చినట్టు విడిగా ఖర్చు పెట్టుకోవచ్చు. ఎవరూ ఆపరు. అందరూ కలిసి చేసే ఖర్చు మాత్రం తక్కువ ఉన్నవాడి పర్సుకి తగ్గట్టే ఉండాలి.

ఓ రూటు చూద్దాం

మ్యూనిక్ నుంచి మొదలుపెట్టి సాల్జ్‌బర్గ్, వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్ చూసి మళ్లీ మ్యూనిక్. వెళ్లిన దారిలో వెనక్కి రాకుండా గుండ్రంగా తిరిగే రూటు ఇది. మన బడ్జెట్‌కి బాగా సరిపోతుంది.

మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే మొదటి అడుగు ఫ్రీ. 2026 జనవరి నుంచి దాని ధర నెలకు 63 యూరోలు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ టికెట్ రూపంలో ఇంకా తక్కువకే వస్తుంది. అది జర్మనీ లోపలి రీజనల్ రైళ్లకే అనుకుంటాం కానీ, సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా పనిచేస్తుంది. రీజనల్ రైల్లో దాదాపు రెండు గంటల ప్రయాణం. హైస్పీడ్ ఐసీఈ రైళ్లలో మాత్రం చెల్లదు. పొరపాటున ఎక్కితే జేబుకి చిల్లే.

సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నా రెండున్నర గంటలు. అక్కడి నుంచి బుడాపెస్ట్ రెండు గంటల నలభై నిమిషాలు. ఈ రూట్లలో ఒకే కంపెనీ కాదు, పోటీగా రెండు మూడు నడుస్తాయి. సాల్జ్‌బర్గ్, వియన్నా మధ్య ప్రభుత్వ రైల్వేతో పాటు వెస్ట్‌బాన్ ఉంది. వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్ మధ్య రెజియోజెట్ ఉంది. ఎంత ముందు బుక్ చేస్తే అంత చవక. ప్రయాణం రోజు స్టేషన్‌కి వెళ్లి కొందామంటే అదే సీటుకి బాగా ఎక్కువ కట్టాల్సి రావచ్చు.

బుడాపెస్ట్, ప్రాగ్ మధ్య దూరం ఎక్కువ. పగటి రైలుకి ఏడు గంటల దాకా పడుతుంది. ఇక్కడే చాలామంది నైట్ బస్ ఎక్కుతారు. ఒక రాత్రి హాస్టల్ ఖర్చు మిగులుతుందనే లెక్క. లెక్క కరెక్టే. కానీ ట్రిప్ మొత్తానికి ఒక్కసారికి మించి వద్దు. తెల్లారి అయిదింటికి కొత్త ఊళ్లో దిగితే హాస్టల్‌లో చెక్ ఇన్ మధ్యాహ్నం దాకా ఉండదు. నిద్ర లేని మొహాలతో కాఫీ షాపుల్లో కూర్చుని కాఫీలకే మిగిల్చినదంతా పెట్టేస్తారు. పైగా ఫ్రెండ్స్ మధ్య గొడవలు వచ్చేది సరిగ్గా అలాంటి పొద్దున్నే.

డబ్బులు అడగని ఊళ్లు

ఈ నాలుగు ఊళ్లలో గుర్తుండిపోయేవాటిలో చాలావాటికి టికెట్ లేదు. సాల్జ్‌బర్గ్‌లో మిరాబెల్ గార్డెన్ ఫ్రీ. వియన్నాలో షోన్‌బ్రున్ ప్యాలెస్ లోపలికి టికెట్ ఉంది కానీ బయట ఉన్న తోటలోకి, వెనక కొండెక్కి ఊరంతా చూడటానికి లేదు. బుడాపెస్ట్‌లో 2వ నంబర్ ట్రామ్ డాన్యూబ్ నది ఒడ్డునే వెళ్తుంది. పార్లమెంటు, వంతెనలు, అవతలి కొండ మీద కోట... అన్నీ మామూలు ట్రామ్ టికెట్‌తోనే చూసేయొచ్చు.

పార్లమెంటుకి దగ్గర్లో నది గట్టు మీద ఇనుప చెప్పులు, బూట్లు అరవై జతలు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల్ని అక్కడ నిలబెట్టి, బూట్లు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. వాళ్ల గుర్తుగా 2005లో పెట్టారు. అక్కడ ఎవరూ టికెట్ అడగరు. దయచేసి ఆ బూట్లలో కాలు పెట్టి మాత్రం ఫొటోలు దిగకండి.

ప్రాగ్‌లో చార్లెస్ వంతెన కట్టడం 1357లో మొదలైంది. పగలు చూస్తే మన జాతర. అదే ఉదయం సూర్యోదయానికి ముందు వెళ్తే వంతెన మీద మీరూ, మంచూ, రాతి విగ్రహాలూ. హాస్టల్ బెడ్ దిగి నడవడమే ఖర్చు. పాత టౌన్ చౌరస్తాలో గంట గంటకీ బొమ్మలు కదిలే ఖగోళ గడియారం 1410 నాటిది. కింద నిలబడి చూడటం ఫ్రీ.

పాస్‌పోర్టా? పర్మిటా?

ఆస్ట్రియా వైపు కాకుండా పారిస్ వైపు వెళ్లేవాళ్లకి ఓ మంచి మాట. లూవ్ర్, ఓర్సే మ్యూజియాలు, వెర్సాయ్ ప్యాలెస్, వీటిలో యూరప్‌లో నివాసం ఉండే 26 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశం ఉచితం. నివాసం అంటే పౌరసత్వం కాదు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న వరంగల్ కుర్రాడికీ, ఒంగోలు అమ్మాయికీ కూడా వర్తిస్తుంది. 2026 నుంచి లూవ్ర్‌లో యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకి టికెట్ 32 యూరోలు. అంటే పర్మిట్ కార్డు జేబులో లేకపోతే మీరు కట్టేది కూడా అంతే. ఆన్‌లైన్‌లో ఫ్రీ స్లాట్ ముందే బుక్ చేసుకోండి. మంగళవారం లూవ్ర్‌కి సెలవు.

ఇటలీ వెళ్లాక అదే కార్డు చూపించి 'స్టూడెంట్' అంటే పప్పులు ఉడకవు. అక్కడి ప్రభుత్వ మ్యూజియాల్లో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకిచ్చే రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకి. మనకి కలిసొచ్చేది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు కొలోసియంతో సహా ప్రభుత్వ మ్యూజియాలు అందరికీ ఫ్రీ. క్యూ మాత్రం తిరుమల సర్వదర్శనాన్ని గుర్తు చేస్తుంది.

షెంగెన్‌లో సరిహద్దులు లేవు కదా అని పాస్‌పోర్ట్ రూంలో వదిలేసి బయల్దేరకండి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిట్లో తనిఖీలు పెట్టింది. ప్రాగ్ నుంచి వచ్చే బస్‌లోకి పోలీసులు ఎక్కొచ్చు. పాస్‌పోర్ట్, పర్మిట్ రెండూ ఒరిజినల్స్ కావాలి. ఫోన్‌లో ఫొటో చాలదు. ఇంకోటి. మీ జర్మన్ పర్మిట్‌తో మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. లండన్, డబ్లిన్ అందులో లేవు. వాటికి వేరే వీసా.

చవక అనిపించి తినేసేవి

- 15 యూరోల విమానం టికెట్ చూసి ఎగిరి గంతెయ్యకండి. ఎయిర్‌పోర్ట్ ఎక్కడుందో చూడండి. పారిస్ పేరుతో అమ్మే బోవే ఎయిర్‌పోర్ట్ ఊరికి 80 కిలోమీటర్ల పైన. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120. బస్ ఖర్చు, బ్యాగ్ ఖర్చు కలిపితే రైలే నయం కావచ్చు.
- చాలా బడ్జెట్ ఎయిర్‌లైన్స్ ఫ్రీగా ఒప్పుకునేది సీటు కింద పట్టే చిన్న బ్యాగ్ మాత్రమే. కొలత చూసుకోకుండా వెళ్తే గేటు దగ్గర కట్టేది టికెట్ కన్నా ఎక్కువ అవుతుంది.
- హంగరీలో ఫోరింట్, చెక్‌లో కొరునా. ఏటీఎం గానీ కార్డ్ మెషీన్ గానీ 'యూరోల్లో కట్ చేయమంటారా?' అంటే వద్దనండి. ఎప్పుడూ లోకల్ కరెన్సీనే నొక్కండి. ప్రాగ్ మనీ ఎక్స్చేంజ్‌లో రేటు మోసం అనిపిస్తే, రసీదు చూపించి మూడు గంటల్లోపు డబ్బు వెనక్కి తీసుకునే హక్కు చెక్ చట్టంలో ఉంది.
- టికెట్ కొంటే సరిపోదు. చాలా ఊళ్లలో కాగితం టికెట్‌ని మెషీన్‌లో పెట్టి స్టాంప్ వేయించాలి. జర్మనీలో టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. 'తెలీదు సార్' అంటే వినరు.
- యూరోపియన్ యూనియన్ దేశాల్లో మీ సిమ్ అదనపు ఖర్చు లేకుండా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు. అక్కడ అడుగుపెట్టే ముందు డేటా ఆపేయండి.

అన్నం, ఆదివారం

బెడ్ బుక్ చేసేటప్పుడు హాస్టల్‌లో కిచెన్ ఉందో లేదో చూడండి. రెండు యూరోలు ఎక్కువైనా కిచెన్ ఉన్నదే తీసుకోండి. బ్యాగ్‌లో పులిహోర పేస్ట్, ఉప్మా ప్యాకెట్లు, ఓ చిన్న డబ్బాలో కారప్పొడి ఉంటే రాత్రి భోజనం గొడవ తీరిపోతుంది. మధ్యాహ్నం మాత్రం ఆ ఊరి తిండి తినండి. బుడాపెస్ట్‌లో లాంగోష్ అని నూనెలో వేయించిన రొట్టె ఉంటుంది, మన భటూరాకి పెద్దన్నలా. పైన వెల్లుల్లి, క్రీమ్, చీజ్. శాకాహారులకీ పర్వాలేదు.

జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోవి కొన్ని తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే బ్రెడ్, పెరుగు కొనిపెట్టుకోండి. నీళ్ల సీసా కొనక్కర్లేదు. వియన్నా కుళాయిలో వచ్చేవి ఆల్ప్స్ కొండల ఊట నీళ్లు. 1873 నుంచి పైపుల్లో తెస్తున్నారు. రోమ్ వీధుల్లో రెండు వేలకు పైగా తాగునీటి కుళాయిలు ఉన్నాయి.

విడిపోతే తప్పేంటి?

బుడాపెస్ట్‌లో సెచెన్యి వేడినీళ్ల స్నానశాల చాలా ఫేమస్. 1913లో తెరిచారు. టికెట్ ఇప్పుడు 30 యూరోలు దాటింది. ఇద్దరికి వెళ్లాలనుంది, ఇద్దరికి లేదు. ఇలాంటప్పుడు గ్రూపుల్లో జరిగేది రెండే. అందరినీ లాక్కెళ్తారు, లేదంటే అందరూ మానేస్తారు. ఎలా అయినా ఎవరో ఒకరి మనసులో మాట ఉండిపోతుంది.

మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎవరి దారి వాళ్లది అని ముందే రాసుకోండి. ఇద్దరు స్నానానికి వెళ్తారు. ఇద్దరు మార్గరెట్ ఐలాండ్‌లో గడ్డి మీద పడుకుంటారు. ఆరింటికి ట్రామ్ స్టాప్ దగ్గర కలుస్తారు. రోజంతా కలిసి ఉన్నవాళ్ల కన్నా వీళ్ల దగ్గరే ఎక్కువ కబుర్లుంటాయి. ఎవరూ ఎవరికీ 'డబ్బుల్లేక రాలేదు' అని చెప్పుకోవాల్సిన పని ఉండదు.

డబ్బు ఎక్కువ ఉన్నవాళ్ల కష్టం కూడా ఒకటుంది. కార్డు ఉంది కదా అని అందరి టికెట్లూ వాళ్లే బుక్ చేస్తారు. 'ట్రిప్ అయ్యాక చూసుకుందాం రా' అనే మాట దగ్గర అది ఆగిపోతుంది. అడిగితే పిసినారి, అడగకపోతే నష్టం. స్ప్లిట్‌వైజ్‌లో ఏ రోజు ఖర్చు ఆ రాత్రే రాసేయండి. పెద్ద బుకింగ్ అయితే చేసిన రోజే ఎవరి వాటా వాళ్లు పంపేయండి. ఒకవేళ ఆ వాటా పంపడమే ఎవరికైనా కష్టమైతే, ఆ బుకింగ్ గ్రూపుకి ఎక్కువైందని అర్థం.

ఇక నాలుగో వ్యక్తి మీరే అయితే మీకో మాట. 'నా లిమిట్ ఇంత' అని చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇంట్లో అమ్మానాన్నలు లోన్ కిస్తీ కట్టడానికి ఎన్ని లెక్కలు వేసుకుంటున్నారో మీకు తెలుసు. ఆ లెక్క మీ దగ్గరా ఉండటం గౌరవమే. ఆ అంకె బయటికి చెప్తే మీ ఫ్రెండ్స్‌కి కూడా ప్లాన్ చేసుకోవడం తేలికవుతుంది. పైకి చెప్పకపోయినా వాళ్లలో ఇంకొకరు కూడా అదే అంకె దగ్గర ఉండి ఉంటారు.

మీ గ్రూప్‌లో ఇంకా ఊళ్ల మీదే గొడవ నడుస్తోందా? ఇవాళే ఆ ఫామ్ పెట్టేయండి. ఒక్కటే ప్రశ్న, రెండు నిమిషాల పని.