మొర్రికి చంద్రుడు, మందబుద్ధికి తలరాత

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి 9.57కు చంద్రుడికి పట్టిన గ్రహణం అర్ధరాత్రి దాటాక 1.26కు విడిచింది. ఆ మూడున్నర గంటలూ గోదావరి జిల్లాల్లో కడుపుతో ఉన్న ఆడపిల్లలకు ఇంటిల్లిపాదీ కాపలా కాసిన కొంపలు కోకొల్లలు. కత్తిపీట ముట్టుకోకూడదు. గోళ్ళు గిల్లుకోకూడదు. గుక్కెడు నీళ్ళు తాగకూడదు, పక్కకు ఒత్తిగిల్లకూడదు. ఏది తప్పినా బిడ్డకు గ్రహణం మొర్రి ఖాయమని అమ్మమ్మలు చెప్పేది చాలక, టీవీల్లో కూర్చున్న జ్యోతిష్కులూ వంత పాడతారు.

బిడ్డ పై పెదవి తల్లి కడుపులో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య అతుక్కుని రూపు కడుతుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకు నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. సీమంతం కూడా అయిపోయిన ఏడో నెల చూలాలు వంకాయ తరిగితే, ఎప్పుడో అతుక్కుపోయిన పెదవి మళ్ళీ ఎలా చీలుతుంది? పైగా నెలలు నిండాక గంటలకొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి రక్తప్రసరణ తగ్గుతుంది. అందుకే డాక్టర్లు పక్కకు తిరిగి పడుకోమంటారు. ఆచారం సరిగ్గా దానికే అడ్డం.

కాకినాడ పీఆర్ కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెబుతూ, నాస్తికుడైన నేరానికి 1933లో ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, ఆయన భార్య సరస్వతి ఈ భయం మీద మాటలతో సరిపెట్టుకోలేదు. గర్భవతిగా ఉండగానే సరస్వతి గ్రహణం చూశారు. ఆ దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు. తెలుగు పత్రికల్లో ఏళ్ళ తరబడి పాఠకుల ఆరోగ్య సందేహాలు తీర్చిన డాక్టర్ సమరం వాళ్ళలో ఒకరు.

అయితే తల్లి గర్భకాలపు గుర్తు బిడ్డ పై పెదవి మీద మిగలడమనేది ఒక విషయంలో నిజం. ఆ గుర్తు పెట్టేది మద్యం. ముక్కుకూ పెదవికీ మధ్య ఉండే సన్నటి గాడి చదునైపోతుంది, పై పెదవి పల్చబడుతుంది, కళ్ళు చిన్నవిగా కనబడతాయి. ఫ్రాన్సులోని నాంత్‌లో పాల్ లెమ్వాన్ అనే డాక్టరు తాగుడు అలవాటున్న తల్లిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లలను పరిశీలించి 1968లోనే ఈ పోలికలు రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌కు చెందిన కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ‘లాన్సెట్’ పత్రికలో రాసి, ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాకే ప్రపంచం చెవిన పడింది. తల్లి తాగినది మాయ దాటి బిడ్డ రక్తంలోకి దాదాపు అదే మోతాదులో చేరుతుంది. దాన్ని విరిచే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా రాదు. మొహం తయారయ్యేది కొద్ది వారాల్లోనే గానీ, మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి మొహం మీద ఏ గుర్తూ లేకుండా మెదడు మాత్రమే దెబ్బతిన్న పిల్లలే ఎక్కువ.

గ్రహణానికి తలుపులు బిడాయించే ఊళ్ళలో గ్లాసు గురించి అడిగే ఆచారం మాత్రం లేదు. తాటికల్లు ‘చలవ’ అనే మాట డెల్టాలో ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. లొట్టికి లోపల సున్నం పూస్తేనే గీసిన నీరు నీరాగా నిలుస్తుంది. పూయకపోతే బొట్టు బొట్టుగా కారుతుండగానే పులియడం మొదలెట్టి కొద్ది గంటల్లో బీరుతో సమానమవుతుంది. అది గొంతుకు చల్లగానే ఉంటుంది. బిడ్డ మెదడుకు ఆ చల్లదనంతో పని లేదు, అందులోని మద్యంతోనే పని. పాత తూర్పు గోదావరి మన్యంలో, రంపచోడవరం, మారేడుమిల్లి వైపు, జీలుగు కల్లు ఆడా మగా కలిసి కూర్చుని తాగే పానీయం. కొండరెడ్ల, కోయల పండగల్లో దానికో చోటుంది. మైదానం పెద్దమనుషులు దాన్ని చూపించి ముక్కు విరుస్తారు. అదే పెద్దమనుషుల ఇళ్ళలో బాలింతకు ‘చలి చెయ్యకుండా’ చెంచాడు బ్రాందీ, జలుబు చేసిన పసిగుడ్డుకు నాలిక మీద రెండు చుక్కలు పడితే దాని పేరు మందు. ఆ పేరులోనే అంతా సర్దుకుపోతుంది.

లెక్కలు చూస్తే తల్లుల తాగుడు ఇక్కడ తక్కువే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో మద్యం తాగేవారు ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం, తెలంగాణలో 6.7 శాతం. పల్లెకూ మన్యానికీ కలిపి తీసిన సగటు ఇది. సర్వే మనిషి ఎదుట అవునని చెప్పడానికి నోరు రాని ఇళ్ళ సంగతీ గుర్తుంచుకోవాలి.

మద్యాన్ని మందనుకున్న తప్పు ఇంటి పెద్దలది మాత్రమే అనుకుంటే అన్యాయం. నెలలు నిండకుండా వచ్చే నొప్పులు ఆపడానికి గర్భిణుల రక్తనాళాల్లోకి ఏకంగా ఆల్కహాలే ఎక్కించే వైద్యం అమెరికాలో 1960లలో ఫ్రిట్జ్ ఫుక్స్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. కొన్నేళ్ళు నడిచింది. ఆధారాలు ఎదురు తిరిగాక వైద్యం దాన్ని వదిలేసింది. గ్రహణాల పంచాంగం మాత్రం తన మాట ఒక్కటి కూడా ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు.

ఇక అసలు సంగతి. మద్యం తాకిడి తగిలిన పసికందు సరిగా చప్పరించలేదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది, రాత్రంతా ఏడుస్తుంది. ఇంట్లోవాళ్ళు బాలగ్రహమంటారు. మెడలో తాయెత్తు పడుతుంది. బడికెళ్ళే వయసు వచ్చేసరికి పాఠం ఎక్కదు, చెప్పిన మాట నిలవదు, కోపం ఆగదు. అప్పుడు ‘వాడి తలరాత అంతే’ అని తేల్చేస్తారు. ఈ రెండో మూఢనమ్మకం మొదటిదానికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. గ్రహణం భయం ఒక్క రాత్రితో పోతుంది, తలరాత మాట పిల్లవాడి చేత బడి మాన్పిస్తుంది.

సియాటిల్‌లోనే ఆన్ స్ట్రైస్‌గుత్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి 415 మందిని, ఆరేళ్ళ పిల్లల నుంచి యాభై దాటినవారి దాకా, పరిశీలించి 1996లో నివేదిక ఇచ్చింది. బడిలో ఇబ్బందులు, పోలీసు కేసులు, మానసిక సమస్యలు వాళ్ళలో విపరీతంగా ఉన్నాయి. అందరిలోనూ ఒకే తీరుగా మాత్రం లేవు. నిలకడగా, ప్రేమగా చూసుకునే ఇంట్లో పెరిగినవారు, ఆరేళ్ళలోపే రోగం పేరు తెలిసినవారు, దెబ్బలు, హింస ఎరగనివారు చాలా మేరకు గట్టెక్కారు. మంచి ఇల్లు, తొందరగా రోగనిర్ధారణ ఉన్నవారికి ఈ గతులు తప్పించుకునే అవకాశం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని 2004లో ఆమె బృందమే లెక్క తేల్చింది. ఈ అధ్యయనాల్లో ఇంకో విచిత్రం బయటపడింది. మొహం మీద గుర్తులన్నీ ఉన్న పిల్లలకన్నా, గుర్తుల్లేనివారే ఎక్కువ చెడిపోయారు. గుర్తు కనబడితే డాక్టరు పేరు పెడతాడు, పేరుంటే సాయం వస్తుంది. గుర్తు లేనివాణ్ణి మొండివాడంటారు, బెత్తం అందుకుంటారు.

మనుషుల మీద ప్రయోగం చేయలేం గనక ఎలుకల మీద చేశారు. డెట్రాయిట్‌లో జాన్ హానిగన్ బృందం, కడుపులో ఉండగా మద్యం తగిలిన ఎలుక పిల్లలను ఆటవస్తువులు, తోటి ఎలుకలు ఉన్న విశాలమైన గూళ్ళలో పెంచింది. వాటి నడక, నేర్చుకునే తీరు మెరుగుపడ్డాయి. మెదడు కణాల కొమ్మల్లో లోటు మాత్రం అలాగే ఉంది. దాన్ని దాచిపెట్టి ‘ప్రేమతో అన్నీ నయమవుతాయి’ అంటే అదీ ఇంకో తాయెత్తే అవుతుంది. తూర్పు యూరప్ నుంచి స్వీడన్ కుటుంబాలు దత్తత తీసుకున్న 71 మంది పిల్లలను పరీక్షించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో, చక్కటి ఇళ్ళలో పెరుగుతున్నా సగానికి పైగా పిల్లల్లో మద్యం వల్ల వచ్చిన రుగ్మత కనబడింది. గర్భంలో తగిలిన దెబ్బను పెంపకం చెరిపేయదు. ఆ దెబ్బ మీద మరో దెబ్బ పడకుండా ఆపుతుంది.

ఈ పెంపకానికి కావలసిన సరంజామా సగం గోదావరి ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం, అక్కడ తల్లికి పనిపాటలు లేకుండా విశ్రాంతి దొరకడం చిన్న విషయం కాదు. అనుభవమున్న పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, ముంగాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వెచ్చటి నీళ్ళు పోస్తూ బిడ్డతో ఊసులాడుతుంది. బెదురుతో పుట్టిన బిడ్డకు ఈ స్పర్శ, ఈ మాట, రోజూ ఒకే వేళకు జరిగే ఈ స్నానం మేలు చేసేవే. ఆ చేతుల్లోనే చెరుపూ ఉంది. ముక్కులోకి, చెవుల్లోకి నూనె చుక్కలు వేయడం, కళ్ళకు కాటుక, గది నిండా సాంబ్రాణి పొగ, ముర్రుపాలు పిండి పారబోయడం మానాలి. ఆచారాన్ని మొత్తంగా మొక్కడం, మొత్తంగా పారేయడం రెండూ బద్ధకమే. ఒక్కో పనినీ విడదీసి చూడాలి.

తప్పంతా తల్లి నెత్తిన రుద్దడానికి ఇది మరో సాకు కాకూడదు. పైన చెప్పిన సర్వేలోనే ఆంధ్రప్రదేశ్ మగవాళ్ళలో తాగేవారు 23.3 శాతం. తల్లి చుక్క ముట్టకపోయినా, రాత్రి పది దాటాక తాగొచ్చి గిన్నెలు విసిరే తండ్రి ఉన్న ఇంట్లో ‘హింస లేని, నిలకడైన ఇల్లు’ ఎక్కడ నుంచి వస్తుంది? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చినప్పుడు, వాళ్ళు అడిగిందీ పిల్లలు ప్రశాంతంగా పెరిగే ఇల్లే. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్ళు తిరిగేసరికి సడలిపోయింది.

సర్కారు లెక్కలోనూ ఓ లోటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకు సుమారు 30 రకాల సమస్యలు పరీక్షిస్తారు. అందులోని తొమ్మిది పుట్టుకలోపాల్లో మొర్రి ఉంది, వంకర పాదం ఉంది, గుండె లోపం ఉంది. మద్యం వల్ల వచ్చే రుగ్మతకు పేరు లేదు. ఆ పిల్లలు ‘చదువు రాకపోవడం’, ‘నిలకడ లేకపోవడం’ అనే గళ్ళలో పడతారు, కారణం ఎవరూ అడగరు. గర్భిణుల కార్డులో మద్యం గురించి ఒక్క ప్రశ్న, ఈ జాబితాలో ఒక్క గడి చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అందాకా ఇంట్లో చేయగలిగింది ఉంది. బిడ్డ పాలు చప్పరించలేకపోయినా, మాటలు ఆలస్యమైనా, బడిలో ఊరికే దెబ్బలు తింటున్నా, ఆరేళ్ళు నిండకముందే జిల్లా స్థాయిలో ఉన్న సత్వర చికిత్సా కేంద్రానికి తీసుకెళ్ళండి. గర్భంలో కల్లు, బ్రాందీ ఏది తాగినా డాక్టరు దగ్గర దాచకండి. ఆ వివరం వింటేనే ఆయన సరైన పేరు పెట్టగలడు. అక్కడి పరీక్షలకూ, వైద్యానికీ డబ్బు తీసుకోరు.