స్పీకర్లు కొనే ముందు చెవులు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 59. నూలు మిల్లులో 28 ఏళ్లు సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. పాత సినిమా పాటలన్నా, కర్ణాటక సంగీతమన్నా నాకు ప్రాణం. వచ్చిన డబ్బులో కొంత తీసి, నేలమీద నిలబెట్టే పెద్ద స్పీకర్లు రెండు కొందామనుకుంటున్నాను. పెట్టబోయే గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. ఇప్పుడున్న చిన్న స్పీకర్లలో వయొలిన్ మొద్దుగా వినిపిస్తోంది. పెద్దవైతే స్పష్టంగా ఉంటుందని షాపతను అన్నాడు. సౌండు మరీ ఎక్కువ పెడుతున్నానని మా ఆవిడ రోజూ పోరు పెడుతోంది. రాత్రిళ్లు చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్టు ఉంటోంది. ఇంట్లో 2 ఏళ్ల మనవడున్నాడు. పెద్ద స్పీకర్ల వల్ల ఆరోగ్యానికి హాని ఉందా? ఎలాంటివి కొనమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు అడిగింది స్పీకర్ల గురించి. కాని మీ ఉత్తరంలో నాకు ముందుగా కనబడింది మీ చెవుల సంగతి. మిల్లు రొదలో 28 ఏళ్లు, వయొలిన్ మొద్దుగా వినిపించడం, సౌండు పెంచుతూ పోవడం, చెవుల్లో కీచురాయి. ఈ నాలుగూ ఒక్కచోట చేరితే ఏ డాక్టరైనా ముందు వినికిడి పరీక్షే చేయిస్తాడు. కాబట్టి షాపులో అడ్వాన్సు ఇవ్వకుండా కొన్నాళ్లు ఆగండి.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 కేశకణాలుంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చి మెదడుకు అందించేవి ఇవే. ఏళ్ల తరబడి పెద్ద రొదలో ఉంటే ఇవి దెబ్బతింటాయి. ఒకసారి చచ్చిపోతే తలమీద వెంట్రుకల్లా మళ్లీ మొలవవు. యంత్రాల రొద వల్ల వచ్చే లోపం సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. వయసు వల్ల వచ్చే లోపం కూడా పైస్థాయి శబ్దాల నుంచే మొదలవుతుంది. అందుకే మృదంగం బాగానే వినిపిస్తుంది, వయొలిన్ మెరుపు మాత్రం పోతుంది. మాటల్లో 'స', 'శ' వంటి అక్షరాలు జారిపోతాయి. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు.

మీకున్నది ఇదే అయితే, ఎంత ఖరీదైన స్పీకరూ దాన్ని బాగుచేయలేదు. చత్వారం వచ్చినవాడు కళ్లద్దాలు మానేసి గదిలో పెద్ద బల్బు పెట్టించుకున్నట్టు ఉంటుంది. పైగా సౌండు పెంచినకొద్దీ మిగిలిన కణాలకు కూడా ముప్పే.

ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి. ఒక్కోసారి గులిమి గట్టిపడి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది. దాన్ని తీయించుకుంటే సరిపోతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి కెలకడం, కాచిన నూనె పోయడం మాత్రం వద్దు. గులిమి కాకపోతే ఆడియోగ్రామ్ తీయించుకోండి. నొప్పి ఉండదు, అరగంట పని. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు. వినికిడి యంత్రం అవసరమంటే నామోషీ పడవద్దు. మీరు సంగీతం ఎక్కువగా వింటారని యంత్రం అమర్చేవారికి చెప్పండి. ఈనాటి యంత్రాలు చాలావాటిలో మాటలకు వేరుగా, సంగీతానికి వేరుగా అమరిక చేయవచ్చు. మరొక్క హెచ్చరిక: ఒక చెవి హఠాత్తుగా వినబడడం మానేసినా, రొద ఒక్క చెవిలోనే ఉన్నా ఆలస్యం చేయకండి. హఠాత్తుగా పోయిన వినికిడికి తొలి రోజుల్లో చికిత్స మొదలుపెడితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక స్పీకర్ల సంగతి. పెద్దవి కాబట్టి హాని చేస్తాయనుకోవడం పొరపాటు. హాని చేసేది పెట్టె సైజు కాదు. చెవికి చేరే శబ్దం ఎంత, ఎంతసేపు అన్నదే. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదని పని స్థలాలకు పెట్టుకున్న లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి పావుగంట. ఇంట్లో సరదాగా వినేదానికి ఇంకా తక్కువలో ఉండడమే మేలు. కొలిచే సాధనం లేకపోయినా ఒక గుర్తు ఉంది. పాట నడుస్తుండగా చేయి చాపినంత దూరంలో ఉన్న మీ ఆవిడతో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే సౌండు మితిమీరినట్టే. ఈ విషయంలో ఆమె పోరు మీకు మంచి మీటరు.

మీ గదికి పెద్ద స్పీకర్లు అవసరం లేదనే నా అభిప్రాయం. 12 అడుగుల పొడవున్న గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య పేరుకుని గుమ్ముమంటుంది. పెద్ద స్పీకర్లు ఆ కిందిస్థాయి శబ్దాలను బలంగా ఇస్తాయి కనుక గుమ్ము మరీ ఎక్కువై, గాయకుడి మాట అందులో మునిగిపోతుంది. మాట వినబడడం లేదని మీరు మళ్లీ సౌండు పెంచుతారు. అదే శబ్దం గోడలు దాటి పక్కింటివారి నిద్ర చెడగొడుతుంది. అంత గదికి చెవి ఎత్తున స్టాండు మీద పెట్టే మధ్యరకం స్పీకర్లు చాలు. వాటిని గోడకు ఆనించకుండా ఒకటి రెండు అడుగులు ముందుకు జరపండి. మందపాటి పరదాలు, తివాచీ, పుస్తకాల బీరువా ఉంటే ప్రతిధ్వని తగ్గి స్పష్టత పెరుగుతుంది.

వాట్లు చూసి మోసపోకండి. ఆంప్లిఫయరు వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 రెట్లు వాట్లు కావాలి. షాపుకు మీకు బాగా తెలిసిన పాట పట్టుకెళ్లి, తక్కువ సౌండులో అరగంట వినండి. తక్కువలో కూడా మాట స్పష్టంగా ఉన్నదే మంచి స్పీకరు. బేరానికి మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి.

పెద్దవే కొంటానంటారా? మనవడిని గుర్తుంచుకోండి. ఈ వయసు పిల్లలు ఏది దొరికితే అది పట్టుకుని పైకెక్కుతారు. ఎత్తుగా, సన్నగా ఉన్న బరువైన పెట్టె మీద పడితే ప్రాణాపాయం. వెడల్పాటి పీఠానికి బిగించి, వెనక గోడకు పట్టీతో కట్టించండి. స్టాండు స్పీకర్లకూ ఇదే జాగ్రత్త. స్పీకరు దగ్గర పిల్లవాడిని కూర్చోబెట్టి పాట పెట్టకండి. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు స్పీకరును ఛాతీకి హత్తుకుని ఎత్తకూడదు. లోపల బలమైన అయస్కాంతం ఉంటుంది.

28 ఏళ్లు మిల్లు రొద భరించిన చెవులవి. ఇప్పుడైనా వాటికి కాస్త మంచి సంగీతం వినిపించాలన్న మీ కోరిక న్యాయమైనదే. ఆడియోగ్రామ్ కాగితం చేతికి వచ్చాకే షాపు మెట్లెక్కండి.