సొమ్మొకడిది, సోకొకడిది

2024 మార్చిలో జర్మనీ ఒక ప్రకటన చేసింది. బెర్లిన్ నగరపు టెక్నో సంస్కృతిని ఆ దేశపు అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2016లో, బెర్ఘైన్ అనే క్లబ్బులో జరిగేది ఉత్త వినోదం కాదు, సంస్కృతేనని అక్కడి కోర్టు తేల్చింది. కాబట్టి ఆ క్లబ్బు 19 శాతం పన్ను కట్టనక్కర్లేదు, సంగీత కచేరీల మాదిరిగా 7 శాతం కడితే చాలు. ఒక సంగీతాన్ని సర్కారు, కోర్టు ఇంతగా నెత్తిన పెట్టుకోవడం మంచిదే. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ బిడ్డ ఎవరి కడుపున పుట్టింది?

బెర్లిన్ పెంచింది. కన్నది మాత్రం అమెరికాలోని డెట్రాయిట్. కన్నవాళ్లు నల్లజాతి యువకులు.

డెట్రాయిట్ అంటే కార్లు. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్. దక్షిణాది పత్తి చేలల్లో బతుకు లేక, జాతి వివక్ష భరించలేక లక్షల మంది నల్లవాళ్లు ఉత్తరాది ఫ్యాక్టరీలకు వలస వచ్చారు. వాళ్ల వెంట వాళ్ల పాటా వచ్చింది. హేస్టింగ్స్ స్ట్రీట్ చుట్టూ ఉన్న బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ బస్తీల్లో బ్లూస్, జాజ్ మోగాయి. పగలు ఫ్యాక్టరీలో చెమటోడ్చిన చేతులే రాత్రి గిటార్ పట్టాయి. జాన్ లీ హుకర్ ఆ బాపతు మనిషే. ఆ బస్తీలను పాలకులు 'అభివృద్ధి' పేరుతో నేలమట్టం చేశారు. హేస్టింగ్స్ స్ట్రీట్ మీద నుంచి హైవే పోయింది. ఇండ్లు పోయినట్టే పాట ఆడిన జాగాలూ పోయాయి.

1959లో బెర్రీ గోర్డీ అనే యువకుడు కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకొని మోటౌన్ కంపెనీ పెట్టాడు. అంతకుముందు ఆయన కార్ల ఫ్యాక్టరీలో పని చేసినవాడే. నల్లవాళ్ల పాటను దేశమంతా పాడించాడు. 1967 జులైలో పోలీసుల దాడితో రాజుకున్న తిరుగుబాటు ఐదు రోజులు నడిచింది. 43 మంది చచ్చిపోయారు. వారిలో 33 మంది నల్లవాళ్లు. తెల్లవాళ్ల వలస జోరందుకుంది. వెనకే కొలువులూ పోయాయి. 1972లో మోటౌన్ కూడా మూట ముల్లె సర్దుకొని లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయింది. 1950లో 18 లక్షల 49 వేల జనాభా ఉన్న నగరంలో 2020 నాటికి మిగిలింది 6 లక్షల 39 వేల మంది.

ఇట్లా అందరూ వదిలేసిన నగరంలో మిగిలిన పిల్లలు ఏం చేశారు? రాత్రిపూట రేడియో పెట్టుకున్నారు. నల్లవాళ్లే యజమానులుగా ఉన్న డబ్ల్యూజీపీఆర్ స్టేషన్‌లో 'ఎలక్ట్రిఫైయింగ్ మోజో' అనే వ్యాఖ్యాత ఉండేవాడు. మొహం చూపించేవాడు కాదు, గొంతే వినిపించేది. పార్లమెంట్, ప్రిన్స్, జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వర్క్... ఏ జాతి పాట ఏ స్టేషన్‌లో రావాలన్న కంచెలన్నీ తెంపి అన్నిటినీ ఒక్క వరుసలో వినిపించాడు.

ఆ రేడియో విన్నవాళ్లలో ముగ్గురు డెట్రాయిట్‌కు దగ్గరలోని బెల్‌విల్ అనే చిన్న ఊరి బడిలో దోస్తులు. జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. జపాన్ కంపెనీ రోలాండ్ తయారు చేసిన 808, 909 యంత్రాలు అసలు డ్రమ్ముల్లా మోగడం లేదని పేరున్న వాద్యకారులు పక్కన పడేస్తే, అవి సెకండ్ హ్యాండ్‌లో అగ్గువకు దొరికేవి. వాటితోనే దరువు కట్టారు. వియత్నాం యుద్ధంలో పాల్గొని వచ్చిన రిక్ డేవిస్‌తో కలిసి అట్కిన్స్ 1981లో సైబోట్రాన్ పేరుతో తొలి రికార్డు తెచ్చాడు. 1985లో సొంత లేబుల్ మెట్రోప్లెక్స్ పెట్టాడు. తర్వాత మే ట్రాన్స్‌మాట్ పెట్టాడు, సాండర్సన్ కేఎంఎస్ పెట్టాడు. పెద్ద కంపెనీల గడప తొక్కలేదు. ఆల్విన్ టాఫ్లర్ 'ది థర్డ్ వేవ్' పుస్తకంలో 'టెక్నో రెబల్స్' అనే మాట వాడాడు. ఆ పుస్తకం చదివిన అట్కిన్స్ తన సంగీతానికి టెక్నో అని పేరు పెట్టుకున్నాడు. యంత్రం తండ్రుల కొలువు తిన్నది. కొడుకులు అదే యంత్రం చేత పాట పాడించారు.

అమెరికా మార్కెట్ దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఇంగ్లండ్. 1988లో లండన్‌లో ఒక సంకలనం విడుదలైంది. దానికి ముందు అనుకున్న పేరు 'ది హౌస్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్'. హౌస్ అనేది షికాగో నల్లజాతి యువకుల సంగీతం. డెట్రాయిట్‌ను షికాగోకు తోకగా చూపించే పేరది. అట్కిన్స్ ఇచ్చిన పాట పేరులోనే టెక్నో అన్న మాట ఉంది. చివరికి సంకలనం పేరే మారిపోయింది. 'టెక్నో! ది న్యూ డాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' అయింది. పేరులో ఏముంది అనేవాళ్లు ఈ ముచ్చట గుర్తు పెట్టుకోవాలి. ఆనాడు ఆ ఒక్క మాట నిలబడకపోతే ఈనాడు డెట్రాయిట్ తరఫున వాదించడానికి ఆధారమే ఉండేది కాదు.

సొంత నగరంలో వాళ్లకు దక్కిందేమిటి? 1988లో బ్రాడ్‌వే వీధిలో మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బు తెరిచారు. మందు అమ్మని క్లబ్బు. తెల్లవార్లూ నాట్యం. 1989 చివరికల్లా అది మూతపడింది. అదే ఏడాది బెర్లిన్ గోడ కూలింది. 1991లో అక్కడి పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ భూగర్భ ఖజానా గదుల్లో ట్రెజర్ క్లబ్బు మొదలైంది. ఆ పేరుకు అర్థమే ఖజానా. ఆ క్లబ్బు లేబుల్ మీద వచ్చిన తొలి రికార్డు డెట్రాయిట్ వాళ్లదే. ఇనుప తలుపుల వెనక దాచిన సొత్తు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఆ రికార్డు చేసినవాళ్లే అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందం. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ మొదలుపెట్టారు. రాబర్ట్ హుడ్ జత కలిశాడు. మొహాలకు ముసుగులు కట్టుకున్నారు. ఫోటోలు వద్దన్నారు. మనిషిని కాదు, పాటను చూడండి అన్నారు. పంపిణీకి సబ్‌మెర్జ్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. డెట్రాయిట్ టెక్నో రికార్డులు ఎన్నో ఆ ఊళ్లోనే 1965 నుంచి నడుస్తున్న ఆర్చర్ అనే ఒక కుటుంబపు ప్రెస్సులో అచ్చయ్యాయి. తయారీ మాది, అచ్చు మాది, అమ్మకం మాది. స్వయం పాలన అంటే ఏమిటో వాళ్లు ఉపన్యాసం ఇవ్వలేదు, చేసి చూపించారు.

అందుకే గుంజుకోవాలని చూసినప్పుడు ఎదురు నిలవగలిగారు. 1999లో ఆ బృందంలోని డీజే రోలాండో చేసిన 'నైట్స్ ఆఫ్ ది జాగ్వార్' యూరప్‌ను ఊపేసింది. హక్కులు అమ్మబోమని బృందం తేల్చి చెప్పింది. అయినా సోనీ కంపెనీ జర్మనీ విభాగం అనుమతి లేకుండానే ఆ పాటకు అచ్చుగుద్దినట్టు నకలు తయారు చేయించింది. లోకమంతటి నుంచి అభిమానుల ఈమెయిళ్లు, ఫ్యాక్సులు వెల్లువెత్తాయి. సోనీ వెనక్కి తగ్గక తప్పలేదు. అండగా జనం ఉంటే చిన్న లేబుల్ కూడా మహా కంపెనీని నిలదీయగలదు.

పాటకు ఎల్లలుంటాయా, ఇది సంకుచితత్వం కాదా అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. ఎల్లలు లేవు, నిజమే. క్రాఫ్ట్‌వర్క్ విని నేర్చుకున్నామని డెట్రాయిట్ వాళ్లే బాహాటంగా చెప్పారు. తీసుకున్నది దాచుకోలేదు. బెర్లిన్‌లోనూ డెట్రాయిట్ రుణాన్ని ఒప్పుకున్న నిజాయితీపరులున్నారు. 1993 నాటి ట్రెజర్ సంకలనం రెండు నగరాల పేర్లనూ పక్కపక్కనే పెట్టుకుంది. ఇచ్చిపుచ్చుకోవడం మీద ఎవరికీ పేచీ లేదు. పాటకు ఎల్లలు లేకపోవచ్చు, ఊరూ పేరూ ఉంటాయి. పేచీ ఆ ఊరూ పేరూ చెరిపేయడం మీదే. టెక్నో అనగానే యూరప్ క్లబ్బులే కళ్లముందు కదిలే తరం తయారైంది. అది నల్లవాళ్ల సంగీతమని చెబితే నమ్మనివాళ్లు సాక్షాత్తూ అమెరికాలోనే ఉన్నారు.

లెక్కలూ చూద్దాం. 2018లో క్లబ్బుల కోసం బెర్లిన్ వచ్చిన యాత్రికులు 30 లక్షల మంది అనీ, వాళ్లు ఖర్చు చేసింది దాదాపు 150 కోట్ల యూరోలనీ అక్కడి క్లబ్బుల సంఘమే లెక్క చెప్పింది. డెట్రాయిట్ నగరమో 2013 జులైలో సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. అప్పు తీర్చడానికి ఏం అమ్మాలా అని మ్యూజియంలోని బొమ్మలకు సైతం వెల కట్టించారు. నగరం లోకానికి ఇచ్చిన పాట మాత్రం ఏ ఖాతాలోనూ లేదు. దాని మీద వచ్చే పైసలు వేరే ఊళ్ల గల్లాపెట్టెల్లో పడుతున్నాయి.

డెట్రాయిట్ ఊరికే కూర్చోలేదు. 2000 మే నెలలో హార్ట్ ప్లాజాలో ఉచితంగా టెక్నో ఉత్సవం జరిగింది. దానికి రూపం ఇచ్చిన కళాకారుడు కార్ల్ క్రెయిగ్‌ను మరుసటి ఏడాదే తొలగించారు. కొన్నేళ్లకు ప్రవేశానికి టికెట్ పెట్టారు. పేర్లు మారాయి, నిర్వాహకులు మారారు. ఉత్సవం మాత్రం నిలిచింది. ఈస్ట్ గ్రాండ్ బూలివార్డ్‌లోని సబ్‌మెర్జ్ భవనంలో ఈ సంగీత చరిత్రకు ఒక చిన్న ప్రదర్శనశాల కూడా ఉంది. పెట్టింది ప్రభుత్వం కాదు, ఆ సంగీతం చేసినవాళ్లే.

మూడు మాటలు గుర్తుంచుకోవాలి. తన పాటకు తానే పేరు పెట్టుకోని జాతికి ఇంకెవరో పేరు పెడతారు. అచ్చు, అమ్మకం చేతిలో లేనివాడికి చప్పట్లు మిగులుతాయి, హక్కులు మిగలవు. ఇక చరిత్రను సకాలంలో రాసుకోకపోతే దొరికిన జాబితాలో దొరికినవాడు తన పేరు ఎక్కించుకుంటాడు. టెక్నో పుట్టించిన తరం ఇప్పుడు అరవై దాటింది. వాళ్ల నోటి మాటలు, తొలి రికార్డులు, ఆ పాత యంత్రాలు భద్రం చేయాల్సిన పని డెట్రాయిట్ నగరపాలనది, మిషిగన్ రాష్ట్రానిది, అమెరికా ప్రభుత్వానిది. బెర్లిన్‌కు గౌరవం దక్కినందుకు ఏడ్వనక్కర్లేదు. కన్నతల్లికి దక్కాల్సింది దక్కే దాకా అడగడం మాత్రం మానొద్దు.