అడుగనిదే అమ్మయైనను పెట్టదు

"ఊరకున్నంత ఉత్తమము లేదు, బోడిగుండంత సుఖము లేదు" అని మనవారిలో ఒక సామెత కలదు. బెంగుళూరు నగరమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఈ సామెతలోని మొదటి సగమును తరతరములుగా శిరసావహించుచున్నవి. దానికి తోడు ఈ నగరము మనకు నేర్పిన మంత్రము మరియొకటి కలదు: "స్వల్ప అడ్జస్ట్ మాడి". ముగ్గురు కూర్చుండు బల్లపై నాల్గవవానికి చోటిచ్చునపుడు ఈ మాట ఎంత అందమైనదో, న్యాయమైన కోరికను గొంతులోనే మ్రింగివేయుటకు వాడినపుడు అంత హానికరమైనది. సర్దుకొనిపోవుట వేరు, సమస్యను పరిష్కరించుకొనుట వేరు. మొదటిదానినే రెండవదిగా మనము భ్రమించుచున్నామనియు, ఆ భ్రమకు మూల్యమును మన బిడ్డలు చెల్లించుచున్నారనియు మనవి చేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా పేటలోని ఒక పాఠశాల సంగతి చెప్పెదము. అక్కడ తెలుగు పాఠము చెప్పుచుండిన పంతులమ్మగారు పదవీవిరమణ చేసిరి. ఆమె స్థానమున మరియొకరు రాలేదు. తల్లిదండ్రుల సమావేశమున ఆ మాట ఎత్తినవారు ఒక్కరును లేరు. సమావేశము ముగిసిన పిదప మాత్రము గేటువద్ద చెట్టునీడను నిలిచి అరగంటసేపు ఆవేదనపడితిమి. మన భాషపై వీరికి చిన్నచూపని ఒకరు, పరాయిచోట మన మాట ఎవరు విందురని మరియొకరు. ఆ గుంపులో మేమును ఉంటిమి. కొన్నాళ్ళకు ఒక తల్లి సాహసించి ప్రధానోపాధ్యాయుని దర్శింపగా, ఆయన ప్రవేశపత్రముల కట్టను ఆమె ముందుంచిరి. మాతృభాష అను గడిలో తెలుగు అని వ్రాసినవారు నలుగురు! తక్కినవారిలో కొందరు ఇంగ్లీషు అని వ్రాసిరి. కొందరు గడిని ఖాళీగా విడిచిరి. "నలుగురికొరకు ఉపాధ్యాయుని ఏ ముఖముతో అడుగుదును?" అని ఆయన ప్రశ్నించిరి. మా యెవరివద్దను సమాధానము లేకపోయెను. చిన్నచూపు చూచినది పాఠశాల కాదు, మేమే.

ఈ నలుగురు అను సంఖ్యకు ఎంత విలువ కలదో చూడుడు. ఒక తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తముమీద 40 మంది గాని ఒక భాషను మాతృభాషగా గలవారున్నచో, ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు యత్నింపుడని రాష్ట్రములను ఆదేశించినది. అల్పసంఖ్యాక భాషలవారి రక్షణలను పరిశీలించుటకు ప్రత్యేకాధికారి ఉండవలెనని 350-బి చెప్పినది. ఇవన్నియు ఉన్నవి. లేనిది పదిమంది సంతకములు చేసిన ఒక కాగితము. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకమున నూటికి సుమారు ఆరుగురు తెలుగువారు. ఇంతమందికి పది సంతకములు కరవగుట వింత గాదా?

"పోరాటములు జరిగినవి గదా" అని కొందరు అందురు. జరిగినవి. గోకాక్ సంఘము 1981లో నివేదిక సమర్పించినది. 1982లో ఆ నివేదిక అమలుకొరకు కన్నడ ప్రజలు వీధులలోనికి వచ్చిరి. కన్నడమొక్కటే ప్రథమభాష కావలెనను ఉత్తరువు వెలువడగా, అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానమున కెక్కిరి. 1989లో ఉన్నతన్యాయస్థానము వారి వాదమును మన్నించినది. ఆ యేటి కొత్త ఉత్తరువున ప్రథమభాషగా ఎన్నుకొనదగిన భాషలలో తెలుగునకును చోటు దొరకినది. మరల 1994 నాటి ఉత్తరువుపై వ్యాజ్యము సాగి సాగి, 2014 మే 6వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది: మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదు, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయింపవలసినవారు తల్లిదండ్రులే. ముప్పది యేండ్లకు పైబడిన ఈ వివాదమునుండి మన యిండ్లకు చేరినదేమి? ఇంగ్లీషు మాధ్యమము. నిర్ణయాధికారము మన చేతికి వచ్చినది. మనము ప్రవేశపత్రముపై ఆ గడిని ఖాళీగా విడిచితిమి. న్యాయస్థానము తలుపు తెరువగలదు గాని, చేయిపట్టి లోనికి నడిపింపజాలదు గదా!

బడిలో తల్లిదండ్రులు నేర్పిన ఈ మౌనమునే బిడ్డలు ఉద్యోగశాలకు మోసికొనిపోవుచున్నారు. రావలసిన రాత్రిపని భత్యము రాకున్నను, తన కృషి మరియొకరి పేర చెలామణి యైనను, మన యువకుడు పల్లెత్తు మాట యనడు. లోలోపల కుమిలి, ఒకనాడు రాజీనామా వ్రాసి యిచ్చి ఇంటికి వచ్చును. అడుగుట అమర్యాద యనియు, విడిచి వచ్చుట పౌరుషమనియు మనము మెచ్చుకొందుము. మౌనము హద్దు మీరినపుడు రెండవ అంచునకు దూకుటయు కలదు. 1980 డిసెంబరు చివర ఈ నగరపు ప్రభుత్వరంగ కర్మాగారములలో మొదలైన సమ్మె 77 దినములు సాగినది. లక్షకు పైబడిన కార్మికులు జీతములు లేక గడపిరి. సమ్మె హక్కును మేము కాదనము. కాని అది తుది ఆయుధమేగాని తొలి మాట కాదు.

తొలి మాటకు చట్టము చోటిచ్చియే యున్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము నూరుగురు కార్మికులున్నచోట ఉభయపక్షములు కలిసి కూర్చుండు కార్యసమితికి వీలు కల్పించినది. దాని స్థానమున 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2020 నాటి స్మృతి, ఇరువదిమంది కార్మికులున్న ప్రతిచోట ఫిర్యాదుల పరిష్కార సమితి ఉండవలెనన్నది. అందు యజమాని పక్షము, కార్మిక పక్షము సమసంఖ్యలో ఉండవలెను. అధ్యక్షత ఏటేట పక్షము మారవలెను. ముప్పది దినములలో విచారణ ముగియవలెను. తమ కార్యాలయమున ఇట్టి సమితి కలదో లేదో మన యువకులలో ఎందరెరుగుదురు?

"మనము వచ్చినవారము, అడిగినచో కన్నడిగులు నొచ్చుకొందురు" అనువారికి మా సమాధానమిది. నొప్పించునది కోరిక కాదు, కోరు తీరు. తరములుగా ఈ నీరు త్రాగియు కన్నడమున ఒక అర్జీ వ్రాయలేనివాడు తెలుగు పాఠము కావలెననిన, వినువారికి అహంకారమువలెనే తోచును. పాఠశాలలలో కన్నడమును ప్రథమ లేక ద్వితీయ భాషగా నేర్పవలెనని 2015 నాటి చట్టము చెప్పుచున్నది. అది శిక్ష కాదు. పొరుగువానితో మాటలాడు యోగ్యత. చక్కని కన్నడమున తెలుగును అడుగుడు. ఎవరు నొచ్చుకొందురో చూతము. మరియొక పక్క, అడుగక ఇంట కూర్చుండి కన్నడిగులను నిందించువారు సర్దుకొనిపోవువారికంటె అధములు. వారు సమస్యను తీర్పరు, పెంచుదురు.

ఇక మన సంఘముల మాట. కెంపేగౌడ ప్రభువు తెలుగున యక్షగానము రచించెనని ప్రతి ఉగాదికి వేదికపై చెప్పుకొని చప్పట్లు కొట్టుదుము. కాని కార్యవర్గపు ఎన్నికలో ఒక పదవికి ఇరువురు పోటీపడిన, మరుసటి యేడు సంఘములు రెండగును. నలుగురు కూర్చుండి తమ తగవు తీర్చుకొనలేని పెద్దలు బిడ్డలకేమి నేర్పుదురు? ఇంట గెలిచి రచ్చ గెలువవలెను గదా.

కావున ఉపన్యాసములు కొంత తగ్గించి, పేటపేటకు ఒక పట్టిక సిద్ధము చేయుదము. ఏ పాఠశాలలో, ఏ తరగతిలో మన బిడ్డలెందరో వ్రాయుదము. పదిమంది తేలినచోట, ప్రవేశములకు ముందే, కన్నడమున ఒక అర్జీ వ్రాసి పదిమందియు కలిసి పోవుదము. ఏమి లోపము, ఎప్పటినుండి, ఏమి కోరుచున్నాము, ఎప్పటిలోగా ప్రత్యుత్తరము కావలెను, ఈ నాలుగు మాటలు చాలును. వ్యక్తిపై నింద వలదు. వారమునకు ఆరు గంటలు కోరగా రెండు దొరకినచో స్వీకరింతము. మరుసటి యేడు మరల అడుగుదము. ఈ పద్ధతిని బడిలో చూచిన బిడ్డ రేపు కార్యాలయమున తనంతట తాను అనుసరించును.

వచ్చే ప్రవేశపత్రము మీ చేతికి వచ్చినపుడు మాతృభాష గడియొద్ద కలము ఆపకుడు. తెలుగు అని వ్రాయుడు. తక్కిన తొమ్మండుగురు ఎవరో విచారింపుడు.