హల్దీఘాటీ తర్వాత ఇరవయ్యేళ్లు

1576 జూన్ 18న హల్దీఘాటీలో మేవాడ్ పాలకుడు రాణా ప్రతాప్ మొఘల్ చక్రవర్తి అక్బర్ సేన చేతిలో ఓడిపోయాడు. ఈ మాట రాయడానికి నాకు సంకోచం లేదు. దీనివల్ల ఆయన మీద గౌరవం ఇసుమంతైనా తగ్గదు. కానీ కొన్నేళ్లుగా ఈ మాటను చెరిపేయాలన్న పట్టుదల పెరుగుతోంది. 2017లో రాజస్థాన్ పాఠ్యపుస్తకంలో ఆ యుద్ధాన్ని ప్రతాపే గెలిచాడని రాశారు. 2021లో ఆ యుద్ధభూమి రక్త్ తలాయి దగ్గర, ప్రతాప్ సేన వెనక్కి తగ్గిందని చెప్పే ఫలకాలను తీసేశారు. అభిమానంతోనే చేసి ఉంటారు. అయినా ఇది ఆయనకు అన్యాయం. ఆయన ఘనత అంతా ఆ ఓటమి తర్వాతే మొదలైంది.

ఆనాటి పోరు కొన్ని గంటలే సాగింది. అక్బర్ సేనను నడిపించినవాడు ఆమేర్ రాజపుత్రుడు మాన్‌సింగ్. ప్రతాప్ సేనలో ముందు నిలిచి పోరాడినవాడు హకీం ఖాన్ సూర్ అనే ఆఫ్ఘన్. గ్వాలియర్ పోగొట్టుకుని మేవాడ్ నీడకు చేరిన రామ్‌షా తోమర్ కొడుకులతో సహా అక్కడే నేలకొరిగాడు. మతం కోసం యుద్ధం చేసి పుణ్యం సంపాదించుకోవాలని మొఘల్ సేన వెంట వచ్చిన బదాయూనీ అనే పండితుడు ఆ రోజు జరిగింది రాసిపెట్టాడు. రెండు వైపులా రాజపుత్రులే కావడంతో ఎవరు తమవాళ్లో, ఎవరు పగవాళ్లో ఆయనకే అంతుపట్టలేదు. ఈ యుద్ధాన్ని రెండు మతాల లెక్కలో సర్దేయాలనుకునేవాళ్లు ముందు ఈ పేర్లకు సమాధానం చెప్పాలి.

గెలిచిన సేన గోగుందాలో దిగింది. అక్కడ గింజ దొరకలేదు. సైనికులు మాంసం, మామిడిపండ్లు తిని రోజులు గడిపారనీ, చాలామంది జబ్బుపడ్డారనీ రాసింది కూడా బదాయూనీయే. ప్రతాప్ మాత్రం చిక్కలేదు. అక్బర్‌కు కోపం వచ్చి మాన్‌సింగ్‌ను కొన్నాళ్లు దర్బారుకు రానివ్వలేదు. రాణా చేజిక్కకపోతే ఆ గెలుపు గెలుపే కాదని మన పాఠ్యపుస్తకాలవాళ్లకన్నా ముందే అక్బర్‌కు తెలుసు.

ఆ తర్వాత యుద్ధం కొండల్లోకి మారింది. ఆరావళిలో ప్రతి కనుమా, ప్రతి కాలిబాటా తెలిసిన భిల్లులు రాణాకు అండగా నిలిచారు. ఆ ఏడాదే అక్బర్ స్వయంగా మేవాడ్ మీదికి వచ్చాడు, ఫలితం లేదు. 1578లో మొఘల్ సేనాని షాబాజ్ ఖాన్ కుంభల్‌గఢ్ కోటను పట్టుకున్నాడు, రాణా అప్పుడూ దొరకలేదు. మైదానంలో ఎవరూ విత్తు వేయకూడదని ప్రతాప్ ఆజ్ఞ జారీ చేశాడు. శత్రువుకు పిడికెడు ధాన్యం దొరక్కూడదన్నది ఎత్తుగడ. నేను ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే. రాజు ఆత్మగౌరవం కోసం రైతు తన పొలాన్ని బీడు పెట్టాడు, పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ ఎక్కాడు. ఆ రైతు పేరు ఏ చరిత్రలోనూ లేదు. రాణా గుర్రం చేతక్ పేరు మన పిల్లలందరికీ తెలుసు. గుర్రాన్ని తలచుకున్నంతగా ఆ మనుషుల్ని తలచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మంత్రి భామాషా తెచ్చి ఇచ్చిన ధనంతో రాణా సేనను మళ్లీ కూడగట్టాడు. 1582లో దివేర్ దగ్గర మొఘల్ ఠాణా మీద విరుచుకుపడి గెలిచాడు. గెలిచిన యుద్ధం కావాలంటే దివేర్ ఉంది, హల్దీఘాటీని తిరగరాయనక్కర్లేదు. కాలం కూడా కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. 1585 నుంచి పదమూడేళ్లపాటు అక్బర్ వాయవ్య సరిహద్దు గొడవల్లో లాహోర్‌లోనే ఉండిపోయాడు. ఆ సందులో చిత్తోడ్, మాండల్‌గఢ్ తప్ప మేవాడ్‌లో అత్యధిక భాగాన్ని ప్రతాప్ తిరిగి చేజిక్కించుకున్నాడు. చావండ్ రాజధాని అయింది. భూగర్భ జలం ఎక్కడ ఉంటుందో, చెట్లను ఎలా పెంచాలో చెప్పే ‘విశ్వవల్లభ’ అనే సంస్కృత గ్రంథాన్ని చక్రపాణి మిశ్రుడు రాసింది ఈ రాజు ఆదరణలోనే. పొలాలు బీడు పెట్టమని ఆజ్ఞాపించినవాడికి నీటి విలువ, చెట్టు విలువ తెలుసు.

1597 జనవరిలో ప్రతాప్ చావండ్‌లోనే కన్నుమూశాడు. కొడుకు అమర్‌సింగ్ ఇంకా పద్దెనిమిదేళ్లు పోరాడి, 1615లో అక్బర్ కొడుకు జహంగీర్‌తో సంధి చేసుకున్నాడు. రాణా స్వయంగా మొఘల్ దర్బారుకు రానక్కర్లేదన్నది ఆ సంధిలోని మాట. తండ్రీకొడుకులు దాదాపు నలభై ఏళ్లు తలవంచకుండా నిలిచారు కాబట్టే ఆ మాట దక్కింది.

ప్రొద్దుటూరు కవి దుర్భాక రాజశేఖర శతావధాని ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ పేరుతో ఏకంగా ఒక మహాకావ్యమే రాశారు. ప్రతాప్ మీద అంతటి అభిమానం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఉదయపూర్ వెళ్లే తెలుగు యాత్రికులు హల్దీఘాటీ, చేతక్ సమాధి చూసి తిరిగి వచ్చేస్తుంటారు. ఈసారి వెళితే దక్షిణంగా చావండ్ దాకా కూడా వెళ్లండి. దగ్గర్లోనే బండోలీలో నీటి మధ్య ఎనిమిది స్తంభాల చిన్న ఛత్రీ (స్మారక మండపం) ఉంటుంది. ప్రతాప్‌కు దహనం జరిగింది అక్కడే.