కాగితం కవచం... గట్టిగా ఉండాలి, గండం కాకూడదు!

స్కూళ్లలో వార్షికోత్సవాల హడావుడి మొదలైందంటే అమ్మలకు కంటిమీద కునుకుండదు. "నేను రుద్రమదేవి వేషం వేస్తున్నానమ్మా" అని పాప అంటుంది. "నాకు భీముడి కవచం కావాలి" అని బాబు పేచీ పెడతాడు. అద్దెకు తెచ్చిన కవచాలు పిల్లల కొలతకు సరిపోవు. వెనకాల నాలుగు పిన్నీసులు పెట్టి బిగించాలి. వాటిని అంతకుముందు ఎవరెవరు తొడుక్కున్నారో తెలియదు. పైగా డబ్బు దండగ.

డ్రాయింగ్ షీట్లతో కవచం మనమే చేసుకోవచ్చు. కానీ కాగితం కాగితమే కదా! రిహార్సల్లో రెండుసార్లు తొడిగేసరికి నలిగిపోతుంది, చెమటకు మెత్తబడిపోతుంది. అందుకే దానికి రెజిన్ పూసి గట్టి చేసుకునే పద్ధతి వచ్చింది. ఫోన్లో వీడియో చూస్తే అయిదు నిమిషాల పనిలా ఉంటుంది. కానీ అది వంటింటి గట్టుమీద చేసే పని కాదండీ! మొదటిసారి చేసేవాళ్ల కోసం ఈ వారం వివరంగా చెప్పుకుందాం.

ఏ రెజిన్ కొనాలి?

రెజిన్‌లో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. ఫైబర్ గ్లాస్ సామాన్లమ్మే షాపులో ఇచ్చేది పాలియెస్టర్ రెజిన్. ఇది చవక. దాంతోపాటు కోబాల్ట్, హార్డెనర్ అని రెండు చిన్న సీసాలు ఇస్తారు. ఆ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే భగ్గుమనే ప్రమాదం ఉంది. ఈ రెజిన్ వాసన చాలా ఘాటు. ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు, సులువుగా అంటుకుంటుంది కూడా. థర్మోకోల్ మీద పూస్తే థర్మోకోల్ కరిగిపోతుంది. అందుకని ఇంట్లో చేసే మొదటి పనికి దీని జోలికి పోకండి.

రెండోది ఎపాక్సీ రెజిన్. ధర ఎక్కువే, కానీ వాసన తక్కువ. నిదానంగా గట్టిపడుతుంది కనక కొత్తవాళ్లకు చేయి తిరగడానికి టైము దొరుకుతుంది. వాసన లేదని అశ్రద్ధ చేయకండి. పచ్చి ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి దద్దుర్లు, దురద వస్తాయి. ఆ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కాస్త తగిలినా మళ్లీ వస్తుంది.

కావలసినవి

మందంగా ఉండే డ్రాయింగ్ షీట్లు, ఫెవికాల్, అట్టపెట్టె ముక్కలు, ఎపాక్సీ రెజిన్, దాని హార్డెనర్, చవక బ్రష్షులు నాలుగు, నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు, పాత నూలు పంచె లేదా చీర ముక్కలు, గరుకు కాగితం, పారేసే ప్లాస్టిక్ గిన్నెలు, గ్రాములు చూపే చిన్న తూకం. వంటింటి గిన్నె, గరిటె, కొలగ్లాసు ఏవీ ఈ పనికి వాడకండి. వాడితే మళ్లీ వంటింట్లోకి తేకండి.

కవచం తయారీ

పిల్లల బనీను న్యూస్ పేపర్ మీద పరిచి గీసుకోండి. చుట్టూ రెండు వేళ్లు వదులు ఉంచి కత్తిరించండి. లోపల మెత్తటి గుడ్డ వేయాలి కనక ఆ వదులు తప్పనిసరి. ఆ నమూనా పెట్టి డ్రాయింగ్ షీట్ కత్తిరించండి. మడత రావలసిన చోట రీఫిల్ అయిపోయిన పెన్నుతో గట్టిగా గీస్తే మడత చక్కగా వస్తుంది. అంచులు ఫెవికాల్‌తో అంటించండి. పైన ప్లాస్టిక్ టేపు వేయకండి, ఆ నున్నటి టేపుకు రెజిన్ సరిగా పట్టదు.

కొత్తవాళ్లు మరిచిపోయే ముఖ్యమైన పని ఇంకొకటుంది. రెజిన్ పూయగానే కాగితం తడిసి బరువెక్కి కుంగుతుంది. ఆ కుంగిన వంపులోనే గట్టిపడిపోతే ఇక సరిచేయలేం. అందుకని లోపలి వైపు ఈ చివర నుంచి ఆ చివరకు అట్టముక్కలు అడ్డంగా పెట్టి, టేపుతో నిలబెట్టండి. పూతకు ముందే ఒకసారి పిల్లలకు పెట్టి కొలత చూసుకోండి.

రెజిన్ కలిపే పద్ధతి

పాలు తోడు పెట్టేటప్పుడు చుక్క ఎక్కువైనా పెరుగు తోడుకుంటుంది, మహా అయితే పులుస్తుంది. ఎపాక్సీ అలా కాదు. ఇది ఇడ్లీకి పప్పు, రవ్వ పోసినట్టు పాళ్ల లెక్క. డబ్బా మీద ఏ పాళ్లు రాసి ఉంటే అవే, కచ్చితంగా తూచి పోయాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. డబ్బా మీద పాళ్లు కొలతలో చెప్పాడా, బరువులో చెప్పాడా అన్నది కూడా చూడండి. రెండూ ఒకటి కావు.

ఒకసారికి 50 గ్రాములకు మించి కలపకండి. గిన్నె అంచులు, అడుగు గీకుతూ రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. కలిపిన రెజిన్ లోతు గిన్నెలో కుప్పగా ఉంటే దానంతట అదే వేడెక్కి పొగలు రావచ్చు, గిన్నె కూడా కరగవచ్చు. అందుకని వెడల్పాటి పళ్లెంలాంటి దాంట్లోకి మార్చుకోండి. ఎండాకాలంలో ఇంకా త్వరగా బిగుస్తుంది. ముసురు పట్టిన రోజున పని పెట్టుకోకండి, పైపూత జిడ్డుగా మారుతుంది.

ముందుగా ఒక కాగితం ముక్క మీద పూసి, అది బాగా గట్టిపడిందని చూసుకున్నాకే కవచం మీద చేయి వేయండి.

పూత ఎలా వేయాలి?

డాబా మీద నీడపట్టున గానీ, గాలి ఆడే వరండాలో గానీ కూర్చోండి. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరొత్తి ఉండకూడదు. పిల్లలు, గర్భిణులు, ఆయాసం ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కలకు రాకూడదు. జుట్టు ముడేసుకుని, పొడుగు చేతుల పాత బట్టలు వేసుకోండి. మామూలు గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదని గుర్తుంచుకోండి. గాలి ఆడకపోతే పని మానేయడమే మేలు.

మొదటి రోజు బయటివైపు ఒక పల్చటి పూత వేయండి. మూలల్లో, అంచుల్లో మడుగు కట్టకుండా బ్రష్షుతో లాగేయండి. 24 గంటలు కదపకుండా వదిలేయండి. మర్నాడు లోపలి అట్టముక్కలు తీసేసి, లోపలివైపు రెజిన్ పూసి, దానిమీద నూలుగుడ్డ పట్టీలు పరిచి, మళ్లీ పైన పూయండి. అసలు బలమంతా ఈ గుడ్డలోనే ఉంది.

చేతికి అంటితే వెంటనే సబ్బునీళ్లతో కడగండి. కిరసనాయిలు, ఎసిటోన్‌తో చర్మం రుద్దకండి, రెజిన్ మరింత లోపలికి ఇంకుతుంది. మిగిలిన రెజిన్ సింకులో పోయకండి. బయట గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. తడిసిన గుడ్డలు ఉండచుట్టి పడేయకుండా విడివిడిగా ఆరేయండి.

తొడిగేది ఎప్పుడు?

ముట్టుకుంటే గట్టిగా ఉన్నంత మాత్రాన పూర్తయినట్టు కాదు. ఒక వారం గాలికి ఉంచండి. గోరుతో నొక్కితే గాటు పడకూడదు, చేతికి జిగట తగలకూడదు, వాసన రాకూడదు. ఈ మూడూ సరిపోతేనే పిల్లల ఒంటికి. జిగట పోకపోతే అక్కడ గీకేసి, సరైన పాళ్లతో మళ్లీ పూయండి. అప్పటికీ పోకపోతే ఆ కవచం పారేయండి. శ్రమ పోయిందని బాధ వద్దు, బిడ్డ ఒంటికంటే కవచం ఎక్కువా?

గరుకు కాగితం రుద్దేటప్పుడు నీళ్లు తడుపుతూ రుద్దితే దుమ్ము లేవదు. అప్పుడు కూడా ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు ఉండాలి. తర్వాత ప్రైమరు, ఆపైన బంగారు రంగు వేయండి. గాడుల్లో పల్చటి నల్లరంగు పూసి తుడిచేస్తే పాత ఇత్తడిలా కళకళలాడుతుంది. అంచులు కత్తుల్లా ఉంటాయి కనక రిబ్బను అంటించండి. లోపల స్పాంజి, దానిమీద నూలుగుడ్డ వేయండి. మెడకు నాడా కట్టకండి. పక్కల వెడల్పు ఎలాస్టిక్, వెల్క్రో పెడితే పిల్లలే విప్పుకోగలరు. ఇందులోంచి గాలి ఆడదు కాబట్టి స్టేజీ దిగగానే విప్పేసి మంచినీళ్లు ఇవ్వండి. ఇది వేషానికే సుమా! ఇదే పద్ధతిలో శిరస్త్రాణం చేస్తే సైకిలెక్కేటప్పుడు పెట్టుకోనివ్వకండి.

రెజిన్ లేకుండా...

ఫంక్షన్ మూడు రోజుల్లో ఉందా? పిల్లలకు అయిదారేళ్లేనా? ఇంట్లో గాలి ఆడే చోటు లేదా? అయితే రెజిన్ మాటే ఎత్తకండి. రెండు వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్లు కలిపి, నూలుగుడ్డ పట్టీలు అందులో ముంచి, కవచం మీద మూడు వరసలు అంటించండి. ఒక్కో వరస బాగా ఆరాకే రెండోది. రెజిన్ అంత రాయిలా ఉండదు, నీళ్లకు ఆగదు. కానీ ఒక సాయంత్రం భీముడు గద ఊపి, తొడగొట్టి, చప్పట్లు కొట్టించుకోవడానికి బోలెడు బలం! రెజిన్‌తో చేయాలనుకుంటే మాత్రం కనీసం రెండు వారాల ముందే పని మొదలుపెట్టండి.

వచ్చేవారం ఇదే కాగితంతో కిరీటం, భుజకీర్తులు ఎలా చేయాలో చెప్పుకుందాం. అంతవరకూ పాత డ్రాయింగ్ షీట్లు పారేయకండేం!